సుద్ద గుర్తు లేని గది

తెలంగాణ కోసం సమ్మె మొదలైన పదిహేడో రోజు, గురువారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు, మా బావ పదకొండు నెలలుగా చెప్పిన మాటలన్నీ నేను చెరిపేశాను. టైము ఎందుకు గుర్తుందంటే, మీట నొక్కి తల ఎత్తగానే కనిపించింది కాలనీ లైబ్రరీ గోడ గడియారం. గనుల సైరన్ మూగబోయిన ఆ రోజుల్లో మాకు ఆ గడియారమే దిక్కు.

నేను గనిలో టింబర్‌మన్‌ని. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. నలభై ఆరో ఏట అక్షరాలు దిద్దాను. అంతకుముందు జీతం కాగితం మీద వేలిముద్రే. యూనియన్ ఆఫీసు వరండాలో సాయంత్రం బడి నడిచేది. మాలాంటి పెద్ద మనుషులు పదిమంది పలకలు పట్టుకుని కూర్చుంటే దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు. నేను లెక్కచేయలేదు. ఏడాదిన్నరలో పత్రిక చదివాను. రిటైరయ్యే నాటికి ఊళ్లోవాళ్ల అర్జీలు రాసిచ్చేవాడిని.

ఆలస్యంగా అక్షరం వచ్చినవాడికి ఒక రోగం తగులుకుంటుంది. అక్షరం రానివాడిని చిన్నచూపు చూడటం. నిన్నటిదాకా తానూ అదే వరసలో నిలబడ్డానని మరిచిపోతాడు. నాకు ఆ రోగం గట్టిగానే వచ్చింది. ఈ కథంతా ఆ రోగం కథే.

బావ నాకు రక్తం పంచుకున్న చుట్టం కాదు. ఒకే రోజు ఒకే గనిలో దిగాం. ఆయన ఫిల్లర్. అంటే పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తి, తట్టను తలకెత్తుకుని పట్టాల మీది డబ్బాలో పోసేవాడు. ముప్పై ఏళ్లు అదే పని. మొదటి రోజు నుంచీ నేను ఆయన్ని బావా అన్నాను, ఆయన నన్ను బావా అన్నాడు. ఆయన భార్య నాకు అక్క అయింది. సాయంత్రం బడికి ఆయనా రెండు రోజులు వచ్చాడు. మూడో రోజు పలక నా ఒళ్లో పడేసి, "నువ్వు సదువుకో బావ, ఇద్దరికి సరిపోను. నాకు తట్ట మోసుడు వచ్చు, గది సాలు," అని లేచిపోయాడు.

రిటైరయ్యాక ఆయనకు ఆయాసం ఎక్కువైంది. నాలుగడుగులు వేస్తే ఆగాలి. జేబులో ఊపిరి పంపు పెట్టుకుని తిరిగేవాడు. దవాఖానలో డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో లైటుకు పెట్టి చూపించి, ఇది బాగయ్యేది కాదు, ఉన్నంతలో కాపాడుకో అన్నాడట. ఆ మాట విన్న మర్నాడే బావ నా దగ్గరికి వచ్చాడు.

"బావ, నా కొడుకులకు నేను గనిల ఏం జేసిన్నో ఎర్కలే. ఆళ్లు మిషన్ల కాలపోళ్లు. తట్టా చెమ్మస్ అంటే నవ్వుతరు. నేను పోతే గదంత నాతోనే పోతది. నేను చెప్త, నువ్వు రాయి. దమ్మున్నప్పుడే రాయి."

అదీ సంగతి. ఆయన దమ్ము అయిపోయేలోపు ఆయన మాటను కాగితం మీదికి ఎక్కించాలి. అంతకంటే పని లేదు నాకు.

కాగితం మీద అన్నానే గాని, నేను కంప్యూటర్ మీద రాశాను. లైబ్రరీకి ఎవరో ఇచ్చిన పాత మిషన్ ఒకటి ఉండేది. దాన్ని చూసుకునేది ఒక మేడం. మంచిర్యాలలో కాలేజీలో చెప్పేది. వాళ్లది కోస్తా నుంచి ఎప్పుడో వచ్చిన కుటుంబం. వాళ్ల నాన్న మా బొగ్గు కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆదివారం ఆదివారం బస్సెక్కి గోదావరి దాటి వచ్చి, కంప్యూటర్ ఉచితంగా నేర్పి పోయేది. ఆ మిషన్‌లో లైనక్స్ అని ఒకటి పెట్టింది. దానికి డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు బాగా వస్తుంది, వైరస్ పట్టదు అంది. నాకు తెలుగు వస్తుందన్న ముక్క చాలు.

ఒకసారి ఆమె ఒక సీడీ వేసి, మిషన్ కడుపులో ఉండే డిస్కు బొమ్మను తెర మీద చూపించింది. పొడుగాటి పట్టీ. దాన్ని గోడలు కట్టినట్టు మూడుగా విడదీసి ఉంది.

"ఇవి మూడు గదులండి. మొదటిది పాత విండోస్‌ది. దాంట్లోకి ఇప్పుడు ఎవరూ వెళ్లరు. రెండోది లైనక్స్ ఉండే గది. మూడోది మీ రాతల కోసం నేను విడిగా చేసింది."

"గోడలెందుకు మేడం? అంత ఒక్కటే ఉంటే కాదా?"

"ఒక గదికి ఏమైనా అయితే ఇంకో గది బతుకుతుందండి."

నాకు ఠక్కున అర్థమైంది. గనిలో మేమూ బొగ్గు అంతా తీయం. మధ్యమధ్య గోడలు వదులుతాం. ఒక దారిలో నీళ్లు పడితే, మంట లేస్తే, పక్కదారి బతకాలని. నేను ఆ మాట చెబితే ఆమె సంతోషపడింది. "మీకు నాకంటే బాగా తెలుసు," అంది. ఆ మాట నా తలకెక్కింది.

ఆమె నాకు వేలెడంత పెన్‌డ్రైవ్ కూడా ఇచ్చింది. వారానికోసారి రాసిందంతా అందులోకి ఎక్కించుకోమంది. నేను దాన్ని తాళంచెవుల గుత్తికి కట్టుకుని నడుముకు వేలాడదీసుకున్నాను, నలుగురూ చూడాలని. అందులోకి ఒక్క పేజీ ఎక్కించలేదు. మూడు గదులున్నాయి కదా, ఇంకెందుకు అనుకున్నాను.

పదకొండు నెలలు. బావ కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, నేను ఒక వేలితో కొట్టేవాడిని. మొదట్లో అరగంట చెప్పేవాడు. తర్వాత పావుగంట. సమ్మె వచ్చేనాటికి పది నిమిషాలు చెప్పి పంపు పీల్చుకునేవాడు. మధ్యలో, "ఏం రాసినవో జర సదువు బావ," అనేవాడు. "అంత అయినంక ఒక్కసారే సదువుత. పెండ్లి పిల్ల లెక్క ముందుగాలనే చూస్తవా?" అనేవాడిని. నవ్వి ఊరుకునేవాడు.

సమ్మె మొదలయ్యాక బొగ్గు పైకి రాలేదు. బొగ్గు లేక కరెంటు తగ్గింది. రోజుకు నాలుగుసార్లు పోయేది. మా సమ్మె మా మిషన్ మీదే పడింది. కరెంటు పోగానే మిషన్ నడుస్తున్నది నడుస్తున్నట్టే చచ్చేది. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. సమ్మెకు పది రోజుల ముందు నుంచే, జాగా అయిపోవస్తోందని తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చి పోతూ ఉండేది. అప్పుడే మేడంకు ఫోన్ చేసి చెప్పాను. "వాడని గదిలోంచి కొంచెం తీసి నిండిన గదికి ఇవ్వాలండి. నేనొచ్చి చేస్తాను. మీరు మాత్రం ముట్టుకోవద్దు," అంది. ఇంతలో సమ్మె వచ్చింది. బస్సులూ ఆగిపోయాయి. ఆమె గోదావరికి అవతల, మేం ఇవతల.

ఆ గురువారం పదింటికి కరెంటు వచ్చింది. లైబ్రరీ తాళాలు ఉండేది మా ల్యాంప్‌రూమాయన దగ్గర. గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చి, పైకొచ్చాక లెక్కచూసి తీసుకునే పని చేసేవాడు. అంకెలు తప్ప అక్షరం రాదు. లైబ్రరీ తాళం మాత్రం ఆయనదే. ఆయన తలుపు తీశాడు, నేను మిషన్ మీట నొక్కాను. బావ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వెంట అక్క. బతుకమ్మ మూడో రోజు. గడప మీద కూర్చుని, ఒళ్లో సంచి బోర్లించి, తంగేడు ఒకవైపు, గునుగు ఒకవైపు వేరుచేస్తోంది.

మిషన్ లేవలేదు. నల్లటి తెర మీద నాలుగు వరసల ఇంగ్లీషు వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఏంది బావ, మన మిషన్ గూడ సమ్మెల గూసున్నదా?" అన్నాడు బావ.

"దానికి గూడ జేఏసీ పెట్టిన్రేమో," అన్నాడు ల్యాంప్‌రూమాయన.

నేను ఆర్పి మళ్లీ వేశాను. అదే నల్ల తెర, అవే నాలుగు వరసలు. ఇంగ్లీషు అక్షరాలు నాకు వచ్చు, గని బోర్డుల మీద చూసి నేర్చుకున్నవి. మాటలు రావు. జేబులోంచి ఫోన్ తీశాను.

"ఎవలికి?" అన్నాడు ల్యాంప్‌రూమాయన.

"మేడంకు."

"అరె, గిప్పుడు ఆంధ్రామెకు ఫోన్ జేస్తవానే? రోడ్డు మీద జెండ వట్టుకోని మన కొలువులు మనకే అంటవ్, లోపటికొచ్చి మేడం మేడం అంటవ్?"

నవ్వుతూనే అన్నాడు. పొద్దునే సమ్మె టెంటు దగ్గర అందరూ ఒకరినొకరు ఆడిపోసుకునే మాటలే. అయినా నేను ఫోన్ జేబులో పెట్టేశాను. ఆ తప్పు ఆయన మీదికి నెట్టను. ఫోన్ నాది, జేబు నాది.

"మన మిషన్ మనమే బాగుజేసుకోలేమా?" అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ మాట అన్నప్పుడు నా ఛాతీ పొంగింది.

బీరువాలోంచి మేడం సీడీ తీసి వేశాను. ఆ రోజు ఆమె చూపించిన బొమ్మే వచ్చింది. పట్టీ, మూడు గదులు. మొదటి గదికి ఇంగ్లీషులో పేరు రాసి ఉంది. రెండో గదికీ పేరు ఉంది, దాదాపు అంచుదాకా నిండి ఉంది. మూడో గదికి పేరు లేదు. ఎంత నిండిందో చెప్పేచోట అంకెకు బదులు చిన్న గీతలున్నాయి. పక్కన పసుపుపచ్చ మూడుకోణాల గుర్తు, మధ్యలో ఆశ్చర్యార్థకం.

ఇక్కడ గని సంగతి ఒకటి చెప్పాలి. షిఫ్టు మొదట్లో సర్దార్ ముందు దిగుతాడు. పని జరిగే ప్రతి దారిలో కర్రతో పైకప్పును కొట్టి చూస్తాడు. గట్టి శబ్దం వస్తే సరే. గుల్ల శబ్దం వస్తే మనుషుల్ని దూరం పెడతాడు. చూసిన చోటల్లా గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి తన పొట్టి సంతకం గీస్తాడు. ఆ సుద్ద గుర్తు చూసుకునే మేం పనిలోకి దిగేవాళ్లం. గుర్తు లేని దారి అంటే అక్కడ పని లేదు, ఎవరూ లేరు. ముప్పై ఏళ్లు నా తల అలా అలవాటుపడింది. మూడోది మా రాతల గదని మేడం చెప్పిన వరస మరిచిపోయి, నిండి ఉన్న రెండోదే మా రాతలదనుకున్నాను.

తెర మీద వేలుపెట్టి చూపించాను. "చూడు బావ. గీ రెండు గదులకు పేరున్నది. మూడోదానికి గుర్తు లేదు. నిండినకాడ గీతలున్నయి, అంటే సున్న. వాడని గదిల్నుంచి తీసి నిండినదానికి ఇయ్యాలె అని మేడం అన్నది గదా, గిదే గది. జాగ లేకనే మిషన్ ఆగింది. గీ గోడ తీసేస్తే లేస్తది."

బావ కుర్చీ దగ్గరికి జరుపుకుని చూశాడు. ఆయనకు ఒక్క అక్షరమూ తెలియదు. కానీ పసుపుపచ్చ గుర్తును చూశాడు.

"గదేంది? పచ్చగున్నది?"

"ఏమో, ఖాళీ అని గుర్తు."

"ఖాళీ అని పసుపురంగు బిళ్ల ఎందుకు వెడ్తరు బావ? గనిల గసొంటి బిళ్ల ఏడ వెడ్తరు?"

నేను మౌస్ అందుకున్నాను.

"గుర్తు లేదంటే మనిషి లేడని ఎవలు జెప్పిన్రు నీకు?" అన్నాడు. ఒక్కో ముక్కకు ఊపిరి తీసుకుంటూ. "గుర్తు లేదంటే... అడుగు వెట్టద్దని. అంతే. ఎవ్వలు లేరని గాదు. నేను నీకు చెప్పిన గదా... గా ముచ్చట..."

"ఇది గని గాదు బావ."

"గని లెక్క నువ్వే మొదలువెడ్తివి!"

గడప మీద నుంచి అక్క, "ఆయన మాట జర ఇనరాదు తమ్మీ. ఆ మేడంకే ఓ మాట ఏస్తే ఏంబోయె?" అంది.

అప్పుడు నేను అన్న మాట ఇది. రాసేటప్పుడు తీసేద్దామనుకున్నాను, ఉంచుతున్నాను.

"చదువు రానోనివి, నీకేం తెలుస్తది? జర ఊకో."

బావ ఊకున్నాడు. పంపు నోట్లో పెట్టుకుని పీల్చుకున్నాడు.

నేను మూడో గదిని తీసేశాను. రెండో గది అంచు పట్టుకుని చివరిదాకా లాగాను. చేసేది చేయమనే మీట నొక్కాను. అది ఊరుకోకుండా పెట్టె ఒకటి తెరిచి ఇంగ్లీషులో ఏదో అడిగింది, రెండు మీటలు చూపించింది. ఇలాంటి పెట్టె ఎప్పుడు వచ్చినా మేడం కుడివైపుది నొక్కడం చూశాను. నేనూ కుడివైపుది నొక్కాను. నేను గడియారం చూసింది అప్పుడే. పదకొండూ పది. నీలంరంగు పట్టీ ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతూ పోయింది. రోజుకు నాలుగుసార్లు పోయే కరెంటు ఆ కాసేపూ పోలేదు.

సీడీ తీసి మిషన్‌ను మళ్లీ లేపాను. మళ్లీ నల్ల తెర, మళ్లీ ఇంగ్లీషు. ఈసారి మాటలు కొంచెం మారాయి. విసుగొచ్చి అక్షరాలు ఒకటొకటిగా నొక్కాను. ‘ఎస్’ నొక్కగానే ముందుకు కదిలింది. బొమ్మలన్నీ వచ్చాయి. ల్యాంప్‌రూమాయన చప్పట్లు కొట్టాడు. "జై తెలంగాణ!" అన్నాడు.

నేను మా రాతల గది కోసం వెతికాను. ఎప్పుడూ ఉండే చోట లేదు. ఇంకోచోట చూశాను. బావ పేరు పెట్టి దాచిన సంచి లేదు. ఒక్క పేజీ లేదు. పైకప్పు కింద దుంగ జారినప్పుడు కాళ్ల కింద ఎలా ఉంటుందో అలా అయింది.

"వచ్చిందా బావ?" అన్నాడు బావ.

"వచ్చింది. మనయి వేరే గదిల వడ్డయి. మేడం వచ్చినంక తీస్తది."

బావ నా ముఖంలోకి చూశాడు. సర్దార్ పైకప్పును కొట్టి చెవి పెట్టినట్టు. గుల్ల శబ్దం ఆయనకు వినిపించే ఉంటుంది. అక్క పూల సంచి ఎత్తుకుంది, ఆయన కర్ర తీసుకున్నాడు, ఇద్దరూ వెళ్లిపోయారు.

మంచివాడైతే ఆ రోజే మేడంకు ఫోన్ చేస్తాడు. నేను చేయలేదు. ఇంకా పాపం చేశాను. సమ్మె అయ్యేదాకా రోజూ ఆ మిషన్ ముందు కూర్చుని సమ్మె ముచ్చట్లు రాశాను. ఎవరు ఏం మాట్లాడారు, రోడ్డు మీద వంటావార్పులో ఎవరు ఏం వండారు, అన్నీ. ఎందుకంటే ఖాళీగా ఉన్న ఆ తెరను చూడలేకపోయాను. ఏదో ఒకటి నింపాలి. బావ వస్తానంటే, కరెంటు సరిగా లేదు, కొన్నాళ్లు ఆగుదామన్నాను. ఆయన దమ్ము ఉన్న రోజులు అలా పోగొట్టాను.

సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. ఆదివారం మేడం వచ్చింది. మిషన్ ముందు కూర్చుని గదుల బొమ్మ తెరిచింది, రెండే ఉన్నాయి. నేను జరిగింది చెప్పాను. ల్యాంప్‌రూమాయన మాట ఒక్కటి చెప్పలేదు.

"ఆ నల్ల తెర మీద ఏం రాసి ఉందో చూశారా?" అంది.

"అక్షరాలు చూసిన మేడం. మాటలు రావు."

"కరెంటు పోయి పోయి మూడో గదిలో తప్పులు వచ్చాయండి. ‘ఎఫ్’ నొక్కితే సరిచేస్తాను, ‘ఎస్’ నొక్కితే ఆ గదిని వదిలేసి ముందుకు పోతాను అని అదే మిమ్మల్ని అడిగింది. మీరు ఒక్క అక్షరం నొక్కాల్సింది."

"మరి గా గీతలు? సున్న గాదా?"

"సున్నా అయితే సున్నా అనే రాస్తుంది. గీతలంటే, లోపల ఎంతుందో నేను చూడలేకపోయాను అని. ఆ పసుపు గుర్తు కూడా అదే చెప్పింది. వాడని గది అని నేనన్నది మొదటిది, విండోస్‌ది." కుర్చీ నావైపు తిప్పింది. "నాకు ఫోన్ ఎందుకు చేయలేదండి?"

"ఫోన్ల బ్యాలెన్స్ లేకుండె మేడం."

ఆమె నన్ను చూసింది. బావ చూసినట్టే చూసింది. సరేలెండి అంది.

"గోడ తీసినంత మాత్రాన లోపలున్నది పోదు. దాని మీద ఇంకేదన్నా పడేదాకా అక్కడే ఉంటుంది. ఆ రోజు నుంచి దీని మీద ఏమైనా రాశారా?"

"రోజు రాసిన."

"రోజూనా?"

"రోజు, మేడం."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మీరు రాసిన పేజీ ఆయన పేజీ మీద పడి ఉంటుందండి," అంది.

రెండు ఆదివారాలు ఆమె దాన్ని తవ్వింది. తవ్వింది అనే అనాలి. ఏదో సాధనం పెట్టి డిస్కంతా మూల మూలా వెతికించింది. పేర్లన్నీ పోయాయి, దొరికిన ముక్కలకు అంకెలే పేర్లు. మొత్తం ఏడు ముక్కలు. వాటిలో రెండు నా సమ్మె రాతలే. మిగిలినవి ఐదు, పదకొండు నెలలకు ఐదు. కొన్ని సగం మాటలో తెగిపోయాయి. ఆమె వాటిని అచ్చు తీసి నా చేతిలో పెట్టింది. బస్సు ఛార్జీ ఇస్తానంటే చేయి అడ్డం పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత వచ్చింది గానీ, నాతో గదుల ముచ్చట మళ్లీ మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం బావ క్వార్టర్‌కు వెళ్లాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. జరిగింది చెప్పాను, ఈసారి దాచకుండా. "ఎర్కే," అన్నాడు. "గా రోజే ఎర్క. నీ మొకంలనే కనవడ్డది. ఉన్నయి సదువు."

మొదటి ముక్క తీశాను. చాలా ఏళ్ల కిందట ఒక జతగాడు పైకప్పు జారి చనిపోయిన సంగతి. గొంతు సవరించుకుని చదివాను. "ఆ చీకటి కుహరంలో మృత్యువు కోరలు చాచి నిలిచిన వేళ, నా సహచరుని ఆర్తనాదం నా హృదయాన్ని కలచివేసింది..."

బావ చేయి ఎత్తాడు. "ఎవలిది బావ గిది?"

"నీదే."

"నేను గిట్లన్ననా?"

"నువ్వు చెప్పిందే. జర మంచిగ రాసిన."

"ఆర్తనాదమంటే ఏంది?"

"అరుపు."

"వాడు అరవలే గదా బావ." దగ్గు వచ్చింది. ఆగి, మళ్లీ అన్నాడు. "అరవలే గనుకనే దొరకలే. గుర్తు లేని దారిల జర నడుము వాల్సుకుందమని పోయిండు. పైకప్పు జారింది. గుర్తు లేనికాడ ఎవలుంటరని అందరం పక్క దారులల్ల ఎతికినం. రెండు గంటలు. నేను పోయి చూసేసరికి చెయ్యి ఇంక ఎచ్చగనే ఉన్నది. గా సుద్ద గుర్తు మాట ఏది? సదువు."

కాగితం మొదటి నుంచి చివరి దాకా చూశాను. చివరి వరస తెగలేదు, ఆ ముక్క మొత్తం ఉంది. సుద్ద గుర్తు మాట లేదు.

"రాయలే బావ."

"ఎందుకు రాయలే?"

"చిన్న మాట అనుకున్న."

ఆ రోజు లైబ్రరీలో, "నేను నీకు చెప్పిన గదా, గా ముచ్చట," అని ఆయన ఆగిపోయింది దీని గురించే. నెలల ముందే నాకు చెప్పాడు. నేను దాన్ని వదిలేసి కుహరం రాశాను, కోరలు రాశాను. రాసి ఉంటే గుర్తుండేదేమో. మిగతా నాలుగు ముక్కలూ చదవమన్నాడు. చదివాను. వాటిలోనూ తట్టా చెమ్మస్ లేవు, పారా పలుగూ అని ఉంది. ‘నడుము ఇరిగింది’ అన్నచోట ‘శ్రమ జీవన వేదన’ అని ఉంది. అక్క వాకిట్లో నిలబడి వింటూ, "గీయన గిట్ల ఎన్నడు మాట్లాడిండు తమ్మీ?" అంది. తిట్టలేదు. నిజంగానే అడిగింది.

"బావ," అన్నాను, "మళ్ల చెప్పు. గీసారి నువ్వెట్ల అంటే గట్లనే రాస్త."

చెప్పబోయాడు. రెండు మాటలకే ఊపిరి ఆడలేదు. మూడు రోజులకు మళ్లీ వెళ్లాను, వారానికి మళ్లీ వెళ్లాను. ఒక రోజు మాత్రం నాలుగు మాటలు చెప్పాడు. గోడ మీది క్యాలెండర్ చించి దాని వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను. అక్షరం మార్చలేదు.

"తట్ట ఎత్తుతాంటే ఇది ఎన్నోదో నడుమే చెప్పేది. దీపం నూనె వాసన అన్నంల గూడ ఒచ్చేది. మనిషి దొరకకపోతే ముందుగాల గుర్తు లేనికాడ ఎతుకుర్రి. సాలు."

పదకొండు నెలలు రాశాక నా దగ్గర మిగిలిన బావ మాట ఇంతే. మిగతా ఐదు కాగితాలూ నా మాట. ఆ మాటే ఆయనా అన్నాడు. "వాటి మీద నా పేరు తియ్యి బావ. నా మాట లేనికాడ నా పేరెందుకు?" తీసేశాను. ఆయన ఆ చలికాలం దాటలేదు. రెండేళ్లు దాటాక తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు కాలనీలో టపాసులు కాల్చారు, ల్యాంప్‌రూమాయన నా చేతిలో లడ్డూ పెట్టాడు. తిన్నాను.

పేరు వద్దన్నాడు కాబట్టి ఇందులో ఎవరి పేరూ రాయలేదు. వరసలూ పనులూ రాస్తున్నాను. ఆ గురువారం పదకొండూ పదికి లైబ్రరీ గదిలో ఉన్నది వీళ్లు. కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో పంపుతో, ఫిల్లర్ అయిన మా బావ. గడప మీద గునుగు పూలు ఏరుతూ ఆయన భార్య, మా అక్క. తలుపు దగ్గర తాళాలు పట్టుకుని ల్యాంప్‌రూమాయన. మిషన్ ముందు టింబర్‌మన్‌ని, నేను. మేడం లేదు. ఆమె మంచిర్యాలలో ఉంది, ఫోన్ ఆమె దగ్గరే ఉంది. గదిలో ఉన్న నలుగురిలో చదవడం వచ్చినవాడిని నేనొక్కడినే.